శనివారం పులుసు

మైపాడు వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ప్రేమలీల చేపల పులుసు వండి అమ్ముతుంది. నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ పులుసు వండిన పూట తినేది కాదు. ఒక రాత్రి నిలవుండి మామిడికాయ పులుపు ముక్కకి పట్టాలి. ఆమె బేరం మొదలైంది కూడా అందువల్లే. ఆదివారం ప్రార్థన మందిరానికి పోయే ఆడవాళ్లు శనివారం స్టీలు గిన్నెలు తెచ్చిచ్చి, సాయంత్రానికి పులుసు పట్టుకుపోయేవాళ్లు. మర్నాడు ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి ఇంత అన్నం వండుకుంటే చాలు.

తర్వాత కూతురు లిల్లీ డిగ్రీ ముగించి వచ్చింది. ఉద్యోగం దొరక్క, ఉన్న ఉత్సాహమంతా ఈ షెడ్డు మీద పెట్టింది. ‘కోస్టల్ కిచెన్’ అని పేరు పెట్టి, ఆ పేరు అచ్చేసిన ప్లాస్టిక్ డబ్బాలు తెప్పించి, ఫోన్లో ఆర్డర్లు తెరిచింది. తెరవడమే పాపం! ఒకరు బిర్యానీ అడిగారు, ఇంకొకరు ఫ్రైడ్ రైస్ అడిగారు, చివరికి వ్యవహారం నూడుల్స్ దాకా వచ్చింది. ఆదివారమైతే ఆర్డర్ల జాతర. ప్రేమలీల మందిరం గడప తొక్కి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. ఒళ్లు హూనమైపోయింది. కూతురి మీద కోపం లేదు, ఆ పిల్ల కూడా నిలబడే నాలుగు మెతుకులు తింటోంది. ఇద్దరూ ఎవరి కోసం ఇంత చస్తున్నారో ఇద్దరికీ తెలియదు. నెలాఖరుకి షెడ్డు మూసేద్దామని ప్రేమలీల లోలోపల నిశ్చయించుకుంది గానీ, లిల్లీ మొహం చూస్తే నోరు పెగల్లేదు.

ఆ శనివారం పొద్దున లిల్లీ కొత్త బోర్డు సంగతి ఎత్తింది.

“మనం ఎవురికోసం, దేనికోసం వండతుండామో ఒక్క మాటలో చెప్పాలమా. బ్రాండంటే అదే. ఏం రాయిద్దాం?”

“ఏదో ఒకటి రాయించు తల్లీ. నాకు నడుం వాల్చాలనుంది.”

అంతలో ఏసుమణి వచ్చింది. మొట్టమొదట గిన్నె తెచ్చిన మనిషి. మంచంలో ఉన్న భర్తకి చాకిరీ చేస్తూ, వారానికి ఒక్కసారి మందిరంలో కూర్చోవడమే ఆమెకి విశ్రాంతి. మూత మీద ఆమె పేరు చెక్కిన గిన్నె చేతిలో ఉంది.

“ప్రేమా, రేపటికి ఇంత పులుసు పోస్తావా మే?”

“ఇప్పుడు గిన్నెల్లో ఇవ్వడంలా అక్కా. రేపు ఆర్డర్లు శానా ఉండాయి. పొయ్యి ఖాళీ లేదు.”

ఏసుమణి “సరేలే, నేనే వొండుకుంటా. ఒక్క వారం పోకపోతే దేవుడేమన్నా తిడతాడా” అని వెనక్కి తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేది. ప్రేమలీలకి తను ఎన్ని ఆదివారాలుగా ఇలాగే సరిపెట్టుకుంటోందో అప్పుడు తెలిసింది.

“అక్కా, ఆగు! గిన్నె ఈడ పెట్టి పో” అంది గట్టిగా.

ఏసుమణి వెళ్లాక ప్రేమలీల లిల్లీకి చెప్పేసింది. ఇక శనివారమే వంట. పులుసు ఒక్కటే. ఎవరి గిన్నెలో వాళ్లకి. ఆదివారం షెడ్డు మూత.

“రేటింగ్ పడిపోద్ది మా! గిన్నె మీద వాళ్ల పేరుంటే మన పేరు ఎవురికి తెలస్తాది?”

ప్రేమలీల “నాకు చేతగాదమ్మా. ఇట్టా అయితేనే చేస్తా, లేదంటే మూసేస్తా” అంది. లిల్లీ ఏడ్చింది. సాయంత్రం తనే బోర్డు మీదికి మాట రాసిచ్చింది: ‘శనివారం పులుసు. మీ గిన్నె తెచ్చుకోండి.’

బేరం బాగా తగ్గింది. ఫోన్ ఆర్డర్ల వాళ్లు ఒక్కరూ గిన్నె పట్టుకు రాలేదు. మందిరం ఆడవాళ్లు మాత్రం ఒకరిని చూసి ఒకరు మళ్లీ రావడం మొదలుపెట్టారు. నిలదొక్కుకుంటామో లేదో ఇంకా తెలియదు, నడుం నొప్పి అలాగే ఉంది.

ఒక శనివారం గిన్నెలు వరసగా పేర్చి పులుసు పోస్తున్న లిల్లీ, చివరి గిన్నె దగ్గర ఆగింది. ఎప్పుడూ చూడని పాత గిన్నె. అటక మీంచి దించి తోమినట్టుంది.

“ఇదెవురిది మా? డబ్బులిచ్చినారా?”

“పేరు చూడు.”

లిల్లీ తిప్పి చూసింది. ‘ప్రేమలీల’ అని ఉంది, కింద పెళ్లి తేదీ.

“నిండా పొయ్” అంది తల్లి, గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుంటూ. “రేపు నేను గూడా మందిరానికి పోతుండా.”