వెయ్యి మైళ్లకు ఒకసారి ఆయిలు

హిందూపురం స్టేషన్‌లో దిగేసరికి మధ్యాహ్నం రెండూ పది. ఏప్రిల్ నెల. మా బండిని గూడ్సు రైలు మీద తెచ్చారు. దాన్ని దించడానికి గంటన్నర పట్టింది. ఎండకు కాలిన ఇనుప గొలుసులు పట్టుకోలేక అరచేతులకు గోనెగుడ్డ చుట్టుకున్నాం. అరవైల తొలి ఏళ్లు. ఊళ్లలో కలరా. పౌరులకు సాయంగా వెళ్లమని ఉత్తర్వు. నేను డ్రైవరు-మెకానిక్‌ని. నాతో ఇద్దరే: కెప్టెన్ హోదా ఉన్న డాక్టరు, వైర్‌లెస్ ఆపరేటరు. తుపాకులు ఇవ్వలేదు.

అలాంటి బండిని మీలో చాలామంది చూసి ఉండరు. మూడు టన్నుల లారీ చాసిస్ మీద కట్టిన ఇల్లు. లోపల రెండు మంచాలు, కిరసనాయిలు స్టవ్వు, నీళ్ల ట్యాంకు, మందుల బీరువా, టీకా మందుకు ఐసు పెట్టె. ఇంజను తిరిగితేనే పెట్టె చల్లబడేది. వండుకోవడం అందులోనే, పడుకోవడం అందులోనే. మూడోవాడు బండి కింద పడుకునేవాడు. సాధారణంగా అది నేనే.

డిపోలో ఆయిలు ఫిల్టరు ఎంచుకునే పని నాకే వదిలారు. రెండు రకాలున్నాయి. నూలు కూరినది ముతక ధూళిని పట్టి సన్నదాన్ని వదిలేస్తుంది. మడతల కాగితంది సన్నదాన్నీ పడుతుంది. అందుకే త్వరగా పూడుకుపోతుంది. పూడుకుపోతే పక్కనున్న స్ప్రింగు తలుపు తెరుచుకుని మురికి ఆయిలు నేరుగా బేరింగుల్లోకి పోతుంది. మాది ఈ ప్రాంతమే, రొద్దం దగ్గర పల్లె. ఆ దుమ్ము నాకు తెలుసు. కాగితందే తీసుకున్నాను. ఒకటి బిగించాను, ఒకటి స్పేరు. ఆయిలు డబ్బాలు రెండు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఒకే వాక్యం: వెయ్యి మైళ్లకు ఆయిలూ ఫిల్టరూ మార్చాలి.

డాక్టరు ఉత్తర్వు ఇంకా చిన్నది. "పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంజను ఆగకూడదు. మందు చెడితే మనం వచ్చి లాభం లేదు."

ఊరి బయట బండి నిలిపేవాళ్లం. ఇంజను తిరుగుతూ ఉండేది. జనం వరసలో నిలబడేవాళ్లు. మర్నాడు ఐదారు మైళ్ల అవతల ఇంకో ఊరు. అక్కడా అంతే.

పదిహేడో రోజు పెనుకొండలో ఒక చెనిక్కాయల లారీ మా పక్కన ఆగింది. దాని డ్రైవరు యాభై ఏళ్ల మనిషి. ఆ రోజు అమావాస్య. ఆయన పాత ఆయిలు దించి, కొత్తది పోసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు.

సైన్యంలో చేరకముందు నేను సంస్కరణ సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఊరుకుంటానా?

"ఏమప్పా, చంద్రుడు కనపడకపోతే నీ ఇంజనుకేం నష్టం?"

"నాకేం తెల్సు అబ్బా. మా నాయన మారుస్తాండె, నేను మారుస్తాండా. నువ్వెప్పుడు మారుస్తావు?"

"వెయ్యి మైళ్లకు. లెక్క ప్రకారం."

ఆయన మా బండి చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి, వేడికి చటుక్కున తీశాడు. "పొద్దుట్నుంచి చూస్తాండా. ఇంజను మొరుగుతానే ఉండాది. నీ మీటరు మాత్రం నిద్రపోతాండాది. దీన్నెట్ల లెక్కేస్తావు, దొరా?"

టీకాకు నిలబడినవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మూఢత్వం మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపిగ్గా విని, "బాగా మాట్లాడతావబ్బా" అని లారీ ఎక్కి పోయాడు.

రోజూ పుల్ల తీసి ఆయిలు చూసేవాణ్ణి. మట్టం తగ్గితే యూనిట్ వాళ్లు విడిగా ఇచ్చిన చిన్న పీపాలోంచి పోసేవాణ్ణి. నల్లగా, తారులా ఉండేది. ఆయిలు ప్రెషర్ ముల్లు కొంచెం కిందికి వాలింది. ఎండ అనుకున్నాను. వారానికోసారి వైర్‌లెస్‌లో హెడ్‌క్వార్టర్స్ అడిగేది.

"బండి ఎన్ని మైళ్లు?"

"మూడు వందల పది."

"అయితే బాగుంది. ఓవర్."

నలభై ఒకటో రోజు. ముదిగుబ్బ దాటి ఒక పల్లె. నాగమ్మ అనే ఇరవై ఐదేళ్ల రైతు ఇల్లాలికి తెల్లవారుజాము నుంచి వాంతులు, విరేచనాలు. కళ్లు లోతుకు పోయాయి. మా సెలైను సీసాలు ముందురోజే అయిపోయాయి. డాక్టరు నాడి చూసి, "ధర్మవరం ఆసుపత్రికి. ఇప్పుడే" అన్నాడు. దూరం పదిహేను మైళ్లు. బయలుదేరింది పదీ ఇరవైకి. ఆమెను కింది మంచం మీద పడుకోబెట్టాం. భర్త ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.

ఆరో మైలు దగ్గర ఇంజనులో టకటక మొదలైంది. బేరింగు. ప్రెషర్ ముల్లు సున్నా మీద పడింది. డాక్టరు నా వైపు చూశాడు. ఆగితే ఆమె పోతుంది, ఆగకపోతే ఇంజను పోతుంది. ఆగలేదు. ఎనిమిదో మైలు దగ్గర, ఎక్కుడు దారిలో ఇంజను ఒక్కసారిగా బిగుసుకుపోయింది. పదకొండూ ఐదు.

ఆపరేటరు వైర్‌లెస్‌లో ధర్మవరాన్ని పిలుస్తూనే ఉన్నాడు. జవాబు లేదు. బస్సు సాయంత్రానికి గాని రాదు. నేను ఎద్దుల బండి కోసం పొలాలకు అడ్డంపడి పరిగెత్తాను. దొరికింది. తిరిగి వచ్చేసరికి పన్నెండున్నర. నాగమ్మ పదకొండూ యాభైకి పోయిందని డాక్టరు చెప్పాడు.

తర్వాత ఇంజను కింద ఆయిలు నిలిచే తొట్టి, సంపు, విప్పాను. అడుగున మూడు వేళ్ల మందాన నల్లటి మడ్డి. ఫిల్టరు కాగితం మడతలు కనపడనంతగా పూడుకుపోయింది. రోజుకు పది గంటలు, నలభై రోజులు. నడిచి ఉంటే పదివేల మైళ్ల పని. స్పేరు ఫిల్టరు, సీలు తియ్యని రెండు డబ్బాలు ఆమె పడుకున్న మంచం కిందే ఉన్నాయి. మార్చడానికి పట్టేది నలభై నిమిషాలు.

నేను ఇప్పటికీ అమావాస్యకు మొక్కను. ఆ నిమ్మకాయ ఇంజనుకు ఏమీ చెయ్యలేదు. ఆయిలు నెలనెలా మారడమే చేసింది. ఆ రెండింటినీ విడదీసి చూడటమే హేతువు పని. నేను ఆ పని చెయ్యలేదు. ఆయన పంచాంగాన్ని వెక్కిరించి, నా పంచాంగాన్ని జేబులో పెట్టుకు తిరిగాను. ఎందుకని అడగకుండా నమ్మిన అంకె మూఢనమ్మకమే, అది ఇంగ్లీషులో అచ్చయినా సరే. ఇది తెలుసుకున్నందువల్ల ఎవరూ బతకలేదు.

యూనిట్‌కు తిరిగి వెళ్లాక విచారణ జరిగింది. పది నిమిషాలు. గడువు మైళ్లు పూర్తి కాలేదు, డ్రైవరు తప్పు లేదు అని రాశారు. నేను గంటల సంగతి చెప్పబోయాను. అడిగిన దానికే జవాబు చెప్పమన్నారు. ఆ పుస్తకంలో ఆ వాక్యం మారలేదు. నేను సైన్యం వదిలేనాటికీ అలాగే ఉంది.

ఆ రోజు ఎద్దుల బండితో నేను తిరిగొచ్చినప్పుడు ఆమె భర్త మా బండి వెనక ఉన్నాడు. ఇంజను ఆగగానే ఆయన డాక్టర్ని ఒకటే అడిగాడట, "తోస్తే పోదా సార్?" అని. అప్పట్నుంచీ తోస్తున్నాడు. మూడు టన్నులు, ఎక్కుడు దారి, ఒక్క మనిషి. ఆమె పోయిందని రెండుసార్లు చెప్పారు. వినలేదు. భుజం ఇనుపరేకుకు ఆనించి, తల వంచి తోస్తూనే ఉన్నాడు. బండి అంగుళం కదల్లేదు. ఆయన కాళ్ల కింద ఎర్రమట్టి మాత్రం రెండు గుంటలై, చీలమండల దాకా దిగింది.