తాగిన పందికి గెర్గినా కాపలా

మా కొండ ఊళ్ళకు రొట్టెల మోటారుబండి నడిపే గెర్గినా వేటకు ఒకే ఒక్క తూటాతో వచ్చేది. మిగతా మేమంతా నడుముకు తూటాల పట్టీలు బిగించుకుని పెళ్ళికొడుకుల్లా బయలుదేరేవాళ్ళం.

"అక్కా, అది గురి తప్పితే ఏం చేస్తావ్?" అని అడిగితే, "ఇంటికెళ్ళి చిక్కుళ్ళ పులుసు కాచుకుంటా" అనేది.

ఆ పట్టు తండ్రి నుంచి వచ్చింది. పదహారేళ్ళప్పుడు తుపాకీ కావాలని మారాం చేస్తే ఆయన తుపాకీ ఇచ్చాడు, తూటా ఇవ్వలేదు. మూడు శీతాకాలాలు ఉత్త తుపాకీ భుజాన వేసుకుని అడవంతా తిరిగింది. ఇంటికి రాగానే ప్రశ్నలు: గాలి ఎటు తిరిగింది? పంది ఏ చెట్టుకు ఒళ్ళు రుద్దుకుంది? ముందు నువ్వు దాన్ని చూశావా, అది నిన్ను చూసిందా? నాలుగో ఏడు చేతిలో ఒక తూటా పెట్టాడు. ఆ రోజు ఎదురుగా పంది నిలబడినా ఆమె కాల్చలేదట.

"చేతులు వణికాయిరా. వణికే చేత్తో కాలిస్తే తప్పు మనది, నొప్పి దానిది" అని ఎన్నోసార్లు చెప్పింది.

ఊరికే చెప్పడం కాదు. ఒక ఏడు మా వేట జట్టులోని మింకో తొందరపడి కాల్చి ఒక పంది కాలు విరగ్గొడితే, మేమంతా చలికి ఇళ్ళకు పోయాం. గెర్గినా మాత్రం రెండు రోజులు నెత్తుటి చుక్కల వెంట నడిచి దాని బాధ తీర్చి వచ్చింది. ఆ రెండు రోజులూ మూడు ఊళ్ళకు రొట్టె లేదు. ఎవరూ కిక్కురుమనలేదు, మింకో అయితే మరీను.

ఇక ఆ అక్టోబరు శనివారం సంగతి. ఆలుగడ్డల చేలు దున్నిపారేసే ఒక ముసలి మగపంది ఉండేది. దాన్ని 'పెద్దాయన' అనేవాళ్ళం. సారా కాయడానికి ప్లమ్ పళ్ళు పులియబెట్టి, మా తోటలో నాలుగు పీపాలు పెట్టాను. పొద్దున్నే కుక్కలు అటే లాక్కుపోయాయి. వెళ్ళి చూస్తే నాలుగూ బోర్లా పడున్నాయి. ఆ పళ్ళ గుజ్జు మడుగులో పెద్దాయన వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నాడు!

మా వేట పెద్ద దోబ్రి, గెర్గినాకు మరిది. తుపాకీ ఎత్తాడు. ఆమె వెళ్ళి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో వదినా!"

"తప్పుకోను. తాగి పడిపోయినవాడి జేబు కొట్టేవాణ్ణి ఏమంటాం?"

"దొంగంటాం. కానీ ఇది పంది కదే తల్లీ!"

"పంది ముందు మాత్రం దొంగ కావడం దేనికి? లేవనీ. దానికి కాళ్ళుండాలి, తెలివుండాలి, పారిపోయే దారుండాలి. అప్పుడు కాలిస్తే అది వేట. ఇప్పుడు కాలిస్తే కసాయి పని."

"అక్కా, అవి నా పీపాలు! దొంగ అదే!" అని నేను ఏడుపు మొహం పెట్టాను.

అందరూ పగలబడి నవ్వారు. ఇక చేసేదేముంది? కూర్చున్నాం. రొట్టె, జున్ను, ఉల్లిపాయలు బయటికొచ్చాయి. ఈలోగా కుక్కలు కూడా ఆ గుజ్జు నాకాయి. ఒకటి తన తోకను తనే తరిమి తరిమి పడిపోయింది. దోబ్రి గారాల కుక్క, పేరుమోసిన వేటకుక్క, వెళ్ళి పెద్దాయన పొట్టకు ఆనుకుని హాయిగా నిద్రపోయింది. దోబ్రి మొహం చూడాలి!

"నీ కుక్క వియ్యం కలుపుకుంది మరిదీ, కట్నాలు మాట్లాడుకో" అంది గెర్గినా.

మధ్యాహ్నం దాటాక పెద్దాయన లేచాడు. ఎక్కిళ్ళు వచ్చాయి. మమ్మల్ని ఒకసారి తేరిపార చూసి, నేరుగా మా భోజనం మీదికి దూకాడు. నేను ఖాళీ పీపాలో దూరాను. దోబ్రి ప్లమ్ చెట్టెక్కితే కొమ్మ ఫెళ్ళున విరిగింది.

"కాల్చు వదినా, కాల్చు!"

"దాని వెనకాల నువ్వే ఉన్నావురా, ముందు నువ్వు పక్కకు దొర్లు!"

పంది తోట పక్కనున్న వాగు దాటి ఎదురు గట్టెక్కాక ఆమె తుపాకీ ఎత్తింది. ఢాం! గట్టు మట్టి లేచింది. పెద్దాయన వంకర్లు తిరుగుతూ అడవిలోకి పోయాడు.

తర్వాత గెర్గినాకు నవ్వు మొదలైంది. నిలబడలేక ఆ గుజ్జులోనే చతికిలబడింది.

"తిన్నగా పరిగెత్తేదాన్ని కొట్టడం నాన్న నేర్పాడు గానీ, తూలేదాన్ని కొట్టడం నేర్పలేదురా! తప్పు నాదే. మత్తు దిగకుండానే తొందరపడ్డాను. దానికి తగలకపోవడమే న్యాయం!"

కోపంగా ఉన్న దోబ్రి కూడా గడ్డం నిండా పళ్ళ తొక్కలతో నవ్వాడు. పీపాలో కూర్చుని నేనూ నవ్వాను. నా ఏడాది సారా పోయిందన్న సంగతి మర్నాటిదాకా గుర్తే రాలేదు.

డిసెంబరులో మంచు పడ్డాక మళ్ళీ పెద్దాయన అడుగులు కనిపించాయి. దోబ్రి ఆమెను రెండు కొండల నడుమ పల్లం దగ్గర కాపు పెట్టాడు. అక్కడ గాలి తన వీపు మీదుగా పంది వచ్చే వైపే వాసన మోసుకుపోతోందని చూసుకుని, దోబ్రిని బతిమాలి, కాపు వాగు అవతలికి మార్పించుకుంది. గంటన్నర కదలలేదు. కనుబొమ్మల మీద మంచు పేరుకుందట. పెద్దాయన నిదానంగా, చెవులు రిక్కించి, ఇరవై అడుగుల దూరంలోకి వచ్చాడు. ఒకటే చప్పుడు. మేం వెళ్ళేసరికి ఆమె టోపీ తీసి పక్కన మోకరిల్లి ఉంది. చెయ్యి దాని మెడ మీద ఉంది. కళ్ళు తడిశాయి. "వెధవ, ఎంత అందంగా వచ్చాడురా!" అంది.

సాయంత్రం మాంసం వాటాలు వేశాం. అలవాటు ప్రకారం దోబ్రి వీపు తిప్పి నిలబడ్డాడు. నేను ఒక్కో కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరికి?" అని అరిస్తే, చూడకుండా ఒక్కో పేరు చెప్పాడు. ఎముకలు ఎక్కువున్న కుప్ప సరిగ్గా గెర్గినాకే వచ్చింది. మార్చుకోమని మింకో తన కుప్ప ముందుకు జరిపాడు.

"పోరా, ఎముకల్లోనే రుచంతా!" అని కేరింతలు కొడుతూ, సంచీ రొట్టెల బండిలో పడేసి, హారన్ మోగించుకుంటూ కొండ దిగిపోయింది.