కరెంటు ఉద్యోగి ఇంట్లో లినక్స్

2007 వానాకాలం. సీలేరులో కరెంటు తయారుచేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మా పాత ల్యాప్‌టాప్‌లో కారు రేసు ఎడ్లబండిలా నడుస్తోందని, ఆటలకోసం విండోస్‌కన్నా తేలికైన లినక్స్ ఎంచుకుని సీడీ పెట్టాను. విండోస్‌ని పక్కకు జరిపి డిస్కులో చోటు చేస్తుండగా గాలివానకు కరెంటు పోయింది. బ్యాటరీ ముసలిది. పని మధ్యలో ఆగితే ఉన్నవన్నీ పోతాయి.

"పాప ఫొటోలన్నీ అందులోనే కదండీ! ఏటి సేత్తన్నారు?" అంది మా ఆవిడ.

"దండం పెట్టుకుంటున్నా."

కరెంటు పోతే కాలనీవాళ్లంతా మా గుమ్మంలోకే వస్తారు. ఆరోజూ వచ్చి, "బాబూ, కరెంటు బేగి ఒస్తాదా?" అన్నారు. అదే మాట నేనెవర్ని అడగాలి?

పని పూర్తయిందని కనిపించగానే బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది.

కరెంటొచ్చాక మీట నొక్కి ఫొటోలు తెరిచాను. పాప బోసినవ్వు కనిపించింది.

అప్పటినుంచి, కరెంటెప్పుడొస్తుందని ఎవరొచ్చినా విసుక్కోను. ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాను.