సగం కోటు మీద ఆగిన పెళ్లి

1994లో తార్నాకలోని నా టైలర్ షాపు యూనివర్సిటీ కుర్రాళ్ల ప్యాంట్ల మీదే బతికేది. ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది. క్యాంపస్ మాత్రం గుడ్డ చేతబట్టుకుని నా దగ్గరికే వచ్చేది.

అక్కడ పరిశోధన చేసే సామ్యూల్ పెళ్లి కోటుకు ఓ సాయంత్రం ట్రయల్ పెట్టాను. అంటే అసలు కుట్టుకు ముందు కచ్చా కుట్లు వేసి ఒంటిమీద చూడటం. కోటుకు అప్పటికి ఒక చెయ్యే ఉంది. పెళ్లికూతురు రూతు, ఆమె తండ్రి దేవదానం గారు మెట్టుగూడ నుంచి చూడటానికొచ్చారు. ఆయన రైల్వే గార్డు, చర్చిలో పెద్ద.

కాబోయే అల్లుణ్ణి చూసి మురిసిపోయారు. "ఈ సంబంధం, నీ ఆత్మకు రక్షణ, అన్నీ దేవుడు లోకం పుట్టకముందే నిర్ణయించిండు బాబూ. ఆయన పిలిస్తే కాదనే శక్తి మనిషికి లేదు."

సామ్యూల్ తలూపి ఊరుకోవచ్చు. ఊరుకుంటే పరిశోధకుడెలా అవుతాడు? "పిలుస్తడు అంకుల్, బలవంతం చెయ్యడు. నమ్ముడా, వద్దా అన్నది మన చేతులనే పెట్టిండు."

"అంటే దేవుని కన్న నీ ఇష్టం పెద్దదా? గిట్లాంటోనికి నా బిడ్డనియ్య!"

కోటుతోపాటు పెళ్లీ సగంలో ఆగింది. చల్లబరుద్దామని నేను నోరు తెరిచాను. "సార్, ఈయనకు ఈ బుద్ధి కూడ లోకం పుట్టకముందే పెట్టిండేమో!"

"నువ్వు నీ సూది చూస్కో!"

చూసుకున్నాను.

అప్పుడు లేచింది రూతు. "డాడీ, పెళ్లినాడు పాస్టరయ్య అందరి ముంగట నీకిష్టమేనా అని నన్నెందుకు అడుగుతడు? అంతా ముందే అయిపోతే అడుగుడెందుకు?"

"నువ్వేమంటవో దేవునికి ముందే ఎరుక."

"ఎరుకైనా నా బదులు ఆయన చెప్పడు గద. నేనే చెప్పాలె." వెంటనే సామ్యూల్ వైపు తిరిగింది. "నువ్వు మస్తు ఎగరకు. అవునంటే అది మన గొప్పనా? ఆయన మొదలు పిలిస్తేనే గద మనం పలికేది. దయ ముందు, మన జవాబు ఎనుక."

సామ్యూల్ దిగొచ్చాడు. "నిజమే అంకుల్. ఆయన ముందుగాల రాకుంటే నేను అవుననేటోన్నే కాదు."

"నేను పూర్తిగ ఒప్పుకోలే," అన్నారు దేవదానం గారు. "కానీ నా బిడ్డను అడగకుండ పెళ్లి చేస్త అని ఎన్నడన్న అన్ననా? ఏమయ్యా, రెండో చెయ్యి ఎప్పుడు కుడ్తవు?"

చర్చిలో పాస్టరు ప్రశ్న ముగించకముందే రూతు "ఇష్టమే!" అంది, వెనక బెంచీలో ఉన్న నాకు కూడా ఖంగున వినబడేలా. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది దేవదానం గారే.

జవాబు తెలిసినా అడగాలని ఆ పెళ్లి నాకు నేర్పింది. అప్పటిదాకా "ఫిట్టింగ్ బ్రహ్మాండం కదా!" అని నేనే అడిగి, నేనే అవుననేవాణ్ణి. తర్వాత అడిగి నోరు మూసుకోవడం అలవాటు చేసుకున్నాను. నాలాంటి వాగుడుకాయకు దానికన్నా కోటు కుట్టడమే తేలిక. కానీ అద్దం ముందు కస్టమరు తనంతట తాను "బాగుంది" అంటాడు చూడండి, నా పొగడ్తలన్నీ దాని ముందు దిగదుడుపే.