ఎండల్లో పెరిగిన మంచు

ఆయన్ని వీధిలో అందరూ మంచు గుమాస్తాగారనేవాళ్లు. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో కొండల మీద మంచు ఎక్కడుందో, ఎంత కరిగిందో చూసి పటం గీయడం ఆయన ఉద్యోగం. పొద్దున్నే కంప్యూటర్ ముందు చేతులు జోడించి, "స్వామీ, ఇవాళ్టికి మబ్బుల్ని కాస్త పక్కకు జరుపు" అని దణ్ణం పెట్టుకున్నాకే మీట నొక్కేవారు.

ఇంట్లో మాత్రం ఈ విద్యకు విలువ లేదు.

"ఎక్కడో కొండ మీద మంచు కనిపిస్తుంది గానీ, మన ఫ్రిజ్‌లో తలుపు కూడా పట్టనంతగా గడ్డకట్టింది కనిపించదేమండీ మీకు?" అనేది వాళ్లావిడ.

"దాని మీదుగా ఉపగ్రహం వెళ్లదే!" అనేవారాయన, పేపరు అడ్డం పెట్టుకుని.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. కొండలన్నీ బోడిగుండ్లయ్యాయి. ఒక్క దిగువ వాలు మీద తెల్లటి మచ్చ మాత్రం కరగలేదు సరికదా, వారం వారం పెరగసాగింది. మబ్బనుకుందామంటే కదలదు. సున్నపురాయనుకుందామంటే మంచును పట్టే పరీక్షలో నెగ్గి కూర్చుంది. కంటికి తెల్లగా మెరవాలి, కంటికి ఆనని ఒక రకం వెలుగులో నల్లగా కనపడాలి. నీటి గుణమున్న తెలుపుకే ఆ లక్షణం.

ఆఫీసరుగారు మురిసిపోయి దానికి 'మొండి మంచు' అని పేరు కూడా పెట్టారు.

"ఇంక కాలవ నీళ్లకు కొదవేముందయ్యా! రేపు సాయంత్రం నీళ్ల సంఘంవాళ్లు రెండో పంటకు సరేననేస్తారు. నీ పటమే ఆధారం" అని భుజం తట్టారు.

ఆ తట్టు గుమాస్తాగారికి దెబ్బలా తగిలింది. తీరా అక్కడ మంచు లేకపోతే? పంట సగంలో ఉండగా కాలవ ఎండుతుంది. నాటిన చేలన్నీ మాడిపోతాయి. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

"ఎండల్లో పెరిగే మంచు మన ఫ్రిజ్‌లోది ఒక్కటే. అంత అనుమానంగా ఉంటే వెళ్లి చూసి రండి, బస్సులున్నాయిగా" అంది ఆవిడ, కంచం తీస్తూ.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కారు.

"ఎక్కడికండీ?" అన్నాడు డ్రైవరు.

"మంచు దగ్గరికి."

డ్రైవరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. పాపం, ఎండ నెత్తికెక్కిందనుకున్నాడో ఏమో, నీడపక్క సీట్లో కూర్చోబెట్టి తన నీళ్ల సీసా చేతికిచ్చాడు.

దిగి మలుపు తిరిగేసరికి వాలంతా తెలుపే! గుమాస్తాగారు పరుగులాంటి నడకతో వెళ్లి, వంగి చెయ్యి ఆన్చారు. చల్లగానే ఉంది. కానీ చేతికి మడతపడింది. గుడ్డ! నారుమళ్లకు ఎండ తగలకుండా పలచటి తెల్లగుడ్డలు కప్పి, ఒక పెద్దావిడ గొట్టంతో తడుపుతోంది.

"ఎవరు నాయనా? ఎండలో అలా నిలబడిపోయావేం?"

"అమ్మా, ఈ గుడ్డలు రోజూ తడుపుతారా?"

"రోజూ. ఇదిగో, ఈ వేళకే."

సరిగ్గా ఉపగ్రహం పైనుంచి వెళ్లే వేళ.

"ఇన్ని మళ్లెందుకమ్మా?"

"ఎందుకేమిటి! పట్నంలో ఎవరో మహానుభావుడు కొండ మీద మంచు పెరుగుతోందని పటం గీస్తున్నాడట. పెరిగిందని తెలిసినప్పుడల్లా మేం ఇంకో నాలుగు మళ్లు పోస్తున్నాం. ఆయన చల్లగా ఉండాలి!"

గుమాస్తాగారు గట్టు మీద కూలబడ్డారు. వీళ్లు మళ్లు పోస్తే పటంలో మంచు పెరిగింది. అక్కడ మంచు పెరిగిందని వీళ్లు మళ్లు పోశారు.

"ఆ మహానుభావుణ్ణి నేనేనమ్మా. నేను చూసిన మంచు మీ గుడ్డలే."

ఆవిడ చేతిలో గొట్టం అలాగే ఉండిపోయింది. నీళ్లన్నీ ఆయన చెప్పుల మీద పోతున్నాయి. "అయితే ఈ గుడ్డలన్నీ పిండితే కాలవకు ఎన్ని నీళ్లొస్తాయంటావు?" అంది.

"మీ చెంబు నిండుతుందమ్మా."

ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత మళ్లవంక చూసి నిట్టూర్చింది. "పోనీలే, నాట్లు వేయకముందే చెప్పావు. పోతే నారు పోతుంది, చేను పోదు. బావి కింద నేలకు సరిపడా ఉంచుకుని తక్కింది పశువులకు వేస్తాం. దేవుడే నిన్ను బస్సెక్కించాడు. ముందు ఇది కప్పుకో, మొహం కందిపోయింది" అని ఒక తడిగుడ్డ ఆయన నెత్తిన వేసింది.

ఆయన అలాగే ఆఫీసరుగారికి ఫోన్ చేశారు.

"అయ్యా, మొండి మంచు దగ్గర్నుంచే మాట్లాడుతున్నానండీ."

"భేష్! ఎంత మందం ఉందయ్యా?"

"ఒక్క పొరండీ. ఇప్పుడే మడతపెడుతున్నారు."

"ఏమిటీ? ఎండదెబ్బ తగిలిందా నీకు?"

"లేదండీ, నెత్తిన కాస్త మంచు వేసుకునే ఉన్నాను."

సంగతంతా విన్నాక, "పేరు కూడా పెట్టాను కదయ్యా దానికి!" అన్నారు ఆఫీసరుగారు దీనంగా. "సరే, సంఘంవాళ్లకు నేనే చెబుతాను. నీ ఒక్కడి మీదికే రానివ్వను."

సాయంత్రం సంఘంవాళ్లు బావులున్న చేలకు మాత్రమే రెండో పంట అన్నారు. ఆ కబురు విన్నాకే గుమాస్తాగారు ఇంట్లో అడుగుపెట్టారు.

"కనిపించిందా మంచు?" అంది ఆవిడ.

ఆయన నేరుగా వెళ్లి ఫ్రిజ్ తలుపు తెరిచారు. చెయ్యి పెట్టి, రెండుసార్లు నొక్కి చూసి, "ఇది మాత్రం నిజమైనదేనే" అని ప్లగ్గు పీకి, చొక్కా చేతులు పైకి మడిచారు.