ఇంటిపేరు ముందు

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దృష్టిలో నేను పొద్దస్తమానం ఫోన్లో కబుర్లు చెప్పుకునే మనిషిని. మా అత్తగారు మాత్రం ఎవరడిగినా కంప్యూటర్ ట్యూషన్లు చెబుతుందంటారు. నేను చేసేది జాబ్ సపోర్ట్. ఎవరికో ఏదో కంపెనీలో ఉద్యోగం వస్తుంది, ఆ పని మాత్రం రాదు. పొద్దున్నే వాళ్ళ కంప్యూటర్ తెర నా కంప్యూటర్లో కనపడేట్టు కలుపుతారు. నేను పటమటలో మా వంటింటి పక్క గదిలో కూర్చుని ఇది చెయ్యి, అది నొక్కు అని చెబుతుంటాను. సాయంత్రానికి ఆ పని వాళ్ళ పేరు మీద కంపెనీకి చేరుతుంది. ఇది మోసం కాదా అని మా తమ్ముడు ఒకసారి మొహం మీదే అడిగాడు. మోసమే. నేను కాదనలేదు. కొన్నాళ్ళకి వాడే వాళ్ళ బావమరిదికి కావాలని నా దగ్గరికొచ్చాడు, అది వేరే సంగతి.

నాకూ ఒకప్పుడు సొంత ఉద్యోగం ఉండేది. హైదరాబాద్‌లో చాలా ఏళ్ళు ఇదే పని చేశాను, డేటాని ఒకచోట నుంచి తీసి ఇంకోచోటికి చేరవేసే పని. మామగారు మంచాన పడితే మానేసి వచ్చాను. ఆయన పోయాక మళ్ళీ వెతుక్కుంటే, మీ రెజ్యూమెలో మధ్యన ఖాళీ ఉందండీ అన్నారు. ఎవరిని అడిగినా ఆ ఖాళీయే. వింటుంటే ఒళ్ళు మండిపోయేది. నేను నిజంగా చేసిన పని ఎక్కడా చెల్లలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు టైపు చేసి ఇచ్చే అనుభవం మాత్రం భేషుగ్గా చెల్లుతోంది.

అలాంటి ఇన్‌స్టిట్యూట్ నుంచే ఆమె నా దగ్గరికి వచ్చింది. ముప్పై దాటిన మనిషి. పుట్టింటివాళ్ళు నేతపని చేస్తారు, అత్తవారిది బట్టల కొట్టు. ఆ కొట్టు మూతపడింది. భర్త గన్నవరం ఎయిర్‌పోర్టుకి కారు తోలుతున్నాడు; ఒకరోజు బేరం ఉంటే రెండు రోజులు ఉండదు. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మూడు నెలలు నేర్పి మూడేళ్ళ అనుభవం రాసిచ్చారు. బెంగుళూరు కంపెనీ ఒకటి తీసుకుంది. ఇంటి నుంచే పని. ఆరు నెలలు చూసి, నచ్చితే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ ఇంట్లో నెలనెలా కచ్చితంగా వచ్చేది ఈ జీతమొక్కటే. ఉద్యోగం నిలబడితే గన్నవరంలో అద్దె ఇంట్లో ఉండి కూతుర్ని అదే బడిలో చదివించుకోవచ్చు. పోతే పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్ళి, మగ్గం ఉన్న గదిలోనే పక్కలు వేసుకోవాలి. మొదటిరోజే ఈ సంగతంతా చెప్పేసింది, నేను అడగకముందే.

ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. గన్నవరం పటమటకి ఎంత దూరం గనక, బస్సెక్కితే గంట కూడా పట్టదు. అయినా ఈ పనిలో ఎవరూ ఎవరినీ కలవరు. నాకు తెలిసింది ఆమె గొంతు, తెరమీద భయంభయంగా కదిలే బాణం గుర్తు. విమానం దిగుతుంటే మాట వినపడేది కాదు. "ఒక్క నిమిషం మేడమ్, విమానం" అని ఆగేది. కొన్నాళ్ళకి మేడమ్ పోయి అక్కా వచ్చింది. భయం మాత్రం పోలేదు.

"అక్కా, నొక్కమంటారా?"

"నొక్కు."

"ఓకే కొట్టమంటారా?"

"ఓకే కొట్టడానికి ముహూర్తం పెట్టించాలా అమ్మా? కొట్టు."

నవ్వేది. మళ్ళీ తర్వాతి బటన్ దగ్గర అదే అడిగేది. ఆమెతో పనంటే నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో పనంతా తెరమీద చిన్న పెట్టెలు పెట్టి వాటిని గీతలతో కలపడమే; పని సాఫీగా నడిస్తే ఆ గీత ఆకుపచ్చగా మారుతుంది. మొట్టమొదటి పెట్టె డేటాబేస్ ఇన్‌పుట్. పాత డేటాబేస్‌లోంచి వివరాలు తోడేది అదే, అది సరిగా లేకపోతే వెనక ఉన్నవన్నీ దండగ. దాన్ని తెరిచి ఏ సర్వరు, ఏ పోర్టు, ఏ డేటాబేస్, యూజర్ పేరు, పాస్‌వర్డ్ నింపాలి. తర్వాత క్వెరీ, అంటే ఏ పట్టికలోంచి ఏమేం కావాలో రాసే వాక్యం. ఆ తర్వాత స్కీమా, అంటే వచ్చినవాటిని ఏ వరసలో ఏ గడిలో పోసుకోవాలో చెప్పడం. క్వెరీ రాశాక పక్కనున్న బటన్ నొక్కితే స్కీమా దానంతటదే తయారవుతుంది. నేను అందరి చేతా ఆ బటనే నొక్కిస్తాను. ఆమెకు మొదటి నెలంతా ఈ ఒక్క పెట్టెతోనే సరిపోయింది. ఒకసారి మెయిల్లోంచి పాస్‌వర్డ్ కాపీ చేస్తే చివర ఒక ఖాళీ కూడా అంటుకొచ్చింది. అది కనిపెట్టేసరికి నా పొయ్యిమీద పప్పు అడుగంటింది.

నెమ్మదిగా దారిలో పడింది. నాలుగో నెలకి నేను సగం చెప్పేసరికి మిగతా సగం తనే చేసేది. అయినా అడక్కుండా నొక్కేది కాదు. "నువ్వు ఎప్పుడో ఒకరోజు నేను లేకుండా చెయ్యాలి" అన్నాను. "ఆ రోజు రాకుండా ఉంటే బాగుండునక్కా" అంది.

ఆ రోజు రానే వచ్చింది. మా అత్తగారికి కంటి శుక్లాల ఆపరేషన్. నేను ఆసుపత్రిలో ఉన్నాను. ఆరోగ్య బీమా కార్డులిచ్చే సంస్థ ఒకటి ఆ బెంగుళూరు కంపెనీకి పనిచ్చింది. తమ పాలసీదారుల వివరాలు పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి చేర్చాలి. కొత్తదాన్ని చూసే కార్డులు అచ్చవుతాయి. ఆ పనిలో మొదటి పెట్టె ఆ సాయంత్రానికే కావాలని మేనేజర్ ఆమె నెత్తిన పెట్టాడు. నాకు మెసేజ్ పెట్టింది. డాక్టర్ పిలుస్తున్నాడు, నాకు అక్కడ కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. "నువ్వే చెయ్యి, నీకు వచ్చు" అని రాసి ఫోన్ సంచిలో పడేశాను.

సాయంత్రం ఆమె చేసిన ఫోన్ ఇప్పటికీ చెవిలో ఉంది. "అక్కా, అయిపోయింది. ఆకుపచ్చ గీత వచ్చేసింది" అంది. ఆ గొంతు నేను అదివరకు వినలేదు. మధ్యలో కనెక్షన్ పోయిందట, స్కీమా బటన్ పనిచెయ్యలేదట. ఇదివరకైతే నాకోసం ఎదురుచూస్తూ కూర్చునేది. ఆ రోజు మాత్రం స్కీమాలో గడుల పేర్లన్నీ ఒక్కొక్కటే తన చేత్తో టైపు చేసుకుంది. కనెక్షన్ వచ్చాక నడిపితే నడిచింది. ఇంట్లో పరమాన్నం వండిందట. నాకు సంతోషమేసింది. కొంచెం అసూయ కూడా కలిగింది, ఎందుకు దాచడం, అలాంటి పరమాన్నం నేను వండుకుని చాలా ఏళ్ళయింది.

ఆరు నెలలు నిండటానికి ఇంకా కొద్ది రోజులున్నాయనగా ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. బయట వాన, ఇంట్లో కరెంటు లేదు. మాట సరిగా రావడం లేదు ఆమెకి. కార్డుల మీద పేర్లు తిరగబడ్డాయట. పేరుండాల్సిన చోట ఇంటిపేరు, ఇంటిపేరుండాల్సిన చోట పేరు. బీమా సంస్థ మండిపడుతోంది. సాయంత్రం నాలుగింటికి మేనేజర్ మీటింగ్ పెట్టాడు.

ఇన్వర్టర్ మీద కంప్యూటర్ పెట్టి ఆమె తెర తెరిపించాను. పెట్టె విప్పగానే కనపడింది. బీమా వాళ్ళు పంపిన క్వెరీలో ముందు పేరు, తర్వాత ఇంటిపేరు. ఆమె టైపు చేసిన స్కీమాలో ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. ఆ పెట్టెకి గడి మీద రాసిన పేరుతో పనిలేదు. బంతిలో వడ్డించేవాడు మొహాలు చూడకుండా వరసలో వేసుకుంటూ పోయినట్టు, మొదట వచ్చింది మొదటి గడిలో పోస్తుంది. రెండూ అక్షరాలే కాబట్టి తప్పని చెప్పదు. పాతదాంట్లోంచి వెళ్ళినవాళ్ళెంతమందో కొత్తదాంట్లో చేరినవాళ్ళూ అంతమందే, లెక్క సరిపోయింది, టెస్టింగ్ వాళ్ళు సరేనన్నారు. నడిపాక ఆమె కూడా పైపైన చూసుకుందట. అవన్నీ ఎక్కడో ఉత్తరాదివాళ్ళ పేర్లు. ఏది ఇంటిపేరో ఏది పేరో చూసి చెప్పడం మన తరమా?

"ఇంటిపేరు ముందెందుకు పెట్టావమ్మా?" అన్నాను.

"ముందే గదక్కా ఉండేది" అంది. తప్పెక్కడుందో ఆమెకి ఇంకా అర్థం కాలేదు. పుట్టినప్పటినుంచి బడిలో, రేషన్ కార్డులో, పెళ్ళి శుభలేఖలో అలాగే రాసుకున్న మనిషి. చెబితే అర్థమైంది. తర్వాత, "ఆసుపత్రుల్లో పేరు కలవలేదని పేషెంట్లని బయట కూర్చోబెట్టారంట. నిజమేనా అక్కా?" అంది. నిజమే అయ్యుంటుంది. నాకు తెలియదన్నాను.

మీటింగ్‌కి ఇంకా గంట ఉంది. నేను ఆలోచించాను. ఆ స్కీమా పాత ఫైల్లోంచి కాపీ చేసిందని, దాన్ని తయారుచేసినవాళ్ళు ఇప్పుడు కంపెనీలో లేరని చెప్పమన్నాను. అలా చెబితే తప్పు ఎవరి మీదా పడదు, నాలుగు చీవాట్లతో పోతుంది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి పంపాను. అబద్ధాలు మాకు కొత్తా? ఆమె ఉద్యోగమే అబద్ధం మీద వచ్చింది, అందులో నేను చేసేదీ అబద్ధమే. "ఇది చదివితే చాలు. ఇంకొక్క ముక్క కూడా మాట్లాడొద్దు" అన్నాను. "సరే అక్కా" అంది.

ఎప్పటిలాగే ఫోన్ కలిపి ఉంచి కంప్యూటర్ పక్కన పెట్టుకుంది. నేను ఇవతల ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా విన్నాను. మేనేజర్ అరవలేదు. ఈ పెట్టె ఎవరు తయారుచేశారని మామూలుగానే అడిగాడు. చదువు, చదువు అని నేను లోపల కొట్టుకుంటున్నాను.

"ఐ ఓన్లీ డిడ్ సార్" అంది.

ఎవరైనా సాయం చేశారా అన్నాడు. "నో సార్. ఐ మైసెల్ఫ్." ఇంటిపేరు ముందెందుకు పెట్టావని అడిగాడు. మా వైపు ముందే ఉంటుంది సార్ అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. ఎవరో నవ్వారు. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు థాంక్స్ అన్నాడు మేనేజర్, మర్యాదగానే. మీటింగ్ అయిపోయింది. చీకటి పడకముందే, పర్మనెంట్ చెయ్యడం లేదని మెయిల్ వచ్చింది. ఆ వెంటనే ఆమె లాగిన్ ఆగిపోయింది. అప్పటిదాకా నా కంప్యూటర్లో కనపడుతున్న ఆమె తెర నల్లగా అయిపోయింది.

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. వెళ్ళి నాలుగు తిట్టాలనిపించింది. ఇన్ని నెలలు గొంతు చించుకుని నేర్పాను, రెండంటే రెండు వాక్యాలు చదవలేకపోయింది. మగ్గం గదిలో పడుకోబోయే ఆ చిన్నపిల్ల గుర్తొచ్చి కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు తనే ఫోన్ చేసింది. కంపెనీ లాప్‌టాప్ కొరియర్లో పంపెయ్యమన్నారట. అట్టపెట్టె దొరక్కపోతే, పాత కొట్టు సామాన్లలో చీరలొచ్చిన పెట్టె ఉంటే దాంట్లో పెట్టి కట్టారట. ఆదివారం పుట్టింటికి వెళ్తున్నామంది. బడివాళ్ళు టీసీ ఇవ్వడానికి ఇంకో రెండు రోజులు పడుతుందన్నారంది. అంతా చెప్పి, "మీరైతే చూడంగానే పట్టుకునేవాళ్ళు గదక్కా" అంది.

"లేదమ్మా. నేనూ పట్టుకునేదాన్ని కాదు. నాక్కూడా ఇంటిపేరు ముందుంటేనే సరిగ్గా ఉన్నట్టుంటుంది."

"ఊరికే అంటున్నారు."

ఊరికే అనలేదు. ఆమెతో నేను చెప్పిన అచ్చమైన నిజాల్లో అదొకటి. నమ్మలేదు, అంతే.

"సరే, నేను రాసిచ్చింది ఎందుకు చదవలేదు?" అన్నాను. తిడదామనే మొదలుపెట్టాను, గొంతులో కోపం మిగల్లేదు.

"చదువుదామనే కూర్చున్నానక్కా. మీరు పంపింది ఎదురుగానే ఉంది." విమానం వెళ్ళింది కాబోలు, కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మళ్ళీ ఆమె గొంతు వచ్చింది. "వాళ్ళు ఇన్నాళ్ళూ బాగుందన్న పనులన్నీ మీవి. నా చేత్తో నేను చేసింది అదొక్కటే. దాన్ని కూడా ఇంకెవరో చేశారని చెబితే, మరి ఇన్ని నెలలు ఆ కుర్చీలో కూర్చుంది ఎవరక్కా?"

వాళ్ళ అత్తగారు పిలిచినట్టున్నారు, ఉంటానని చెప్పి పెట్టేసింది. ఆమె అడిగింది తన గురించే, తగలడం మాత్రం నాకు తగిలింది. ఇప్పుడు ఎన్ని కంపెనీల్లో నేను చేసిన పెట్టెలు నడుస్తున్నాయో నాకే తెలియదు. అందులో ఏదైనా తప్పని తేలినా, ఇది నువ్వే చేశావా అని నన్ను పిలిచి అడిగేవాళ్ళు ఒక్కరు కూడా లేరు.