జగ్గమ్మ టీకొట్లో శనిగ్రహం

రోజారాణి తాత శ్రీకాకుళం నుంచి కలకత్తా ఓడరేవు డాకులో కూలికొచ్చి, ఆ పక్కనే ఏక్‌బాల్‌పూర్‌లో ఉండిపోయాడు. రోజారాణి ఖిదిర్‌పూర్‌లో ఫ్లెక్సీలు వేసే కొట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. పొద్దంతా పెళ్లిళ్లు, పుట్టినరోజులు, నాయకుల నవ్వుమొహాలు. సాయంత్రం పని తగ్గాక అదే కంప్యూటర్లో తన కోసం ఆకాశాలు వేసుకుంటుంది. ముందు ముదురు నీలం, దాని మీద పాలపుంత పొగ, ఆపైన చుక్కలు. పెద్ద చుక్కలు ఒక్కొక్కటీ చేత్తోనే పెడుతుంది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నదే అంతా.

మొన్న దుర్గాపూజకి దగ్గర్లోని క్లబ్బువాళ్లు పందిరి లోపలి కప్పుకి చుక్కల ఆకాశం కావాలన్నారు. యజమాని బాపీదా ఆ పని రోజారాణికే ఇచ్చాడు. వారం పాటు మనసుపెట్టి వేసింది. ఓ మూల వలయాలతో శనిగ్రహం కూడా పెట్టింది. తీరా అచ్చయ్యాక చూస్తే, తెర మీది నీలం ఫ్లెక్సీ మీద ఊదాగా దిగింది.

"ఆకాశం అడిగితే వంకాయ రంగు ఇచ్చారేమిటి?" అన్నాడు క్లబ్బాయన బెంగాలీలో.

రోజారాణికి ఏడుపొచ్చినంత పనైంది. రంగులు సరిచేసి, చిన్న ముక్కల మీద వేసి చూసుకుని, మళ్లీ అచ్చువేయించింది. ఈసారి నీలం నీలంగానే వచ్చింది. పాడైనదాన్ని బాపీదా చుట్టచుట్టి ఆమెకే ఇచ్చేశాడు.

అప్పటి వానలకి వాళ్ల పెద్దమ్మ జగ్గమ్మ టీకొట్టు కప్పు కారుతోంది. ఆ ఫ్లెక్సీని, బొమ్మ ఎవరికీ కనబడకుండా పైవైపుకి పెట్టి, కప్పు మీద పరవబోయింది రోజారాణి.

"ఏటే, ఇంత పని సేసి వానకి సూపిస్తావేటి? తిరగేసి కట్టు," అంది జగ్గమ్మ.

మర్నాడు టీకొచ్చిన మల్లేశు తలెత్తి చూశాడు. డాకులో పనిచేసి మానేసిన పెద్దాయన.

"సుట్టూ గాజులేసుకున్న ఆ ఉండ ఏటమ్మా?"

"శనిగ్రహం, తాతా."

"ఓలమ్మో! శనిని నెత్తి మీదెట్టావా?" అంటూ పక్క బెంచీకి జరిగిపోయాడు.

"తీసేస్తాను పెద్దమ్మా," అంది రోజారాణి కంగారుగా.

"ఉండనీయే. ఎంత సక్కగున్నాడో సూడు."

అష్టమినాడు రోజారాణి పందిరికి వెళ్లింది. జనం అమ్మవారికి దండం పెట్టి, ఫొటోలు తీసుకుని కదిలిపోతున్నారు. పైకి చూసినవాళ్లు తక్కువ. టీకొట్లో అలా కాదు. మట్టికప్పు చేత్తో పట్టుకుని తాపీగా పైకి చూస్తూ కూర్చునేవారు. తన బొమ్మను పరాయివాళ్లు అంతసేపు చూడడం ఆమెకి అదే మొదలు. కొన్నాళ్లకి మల్లేశూ ఆ కిందికే వచ్చి కూర్చున్నాడు.

"మా ఇంటికీ ఒకటి గియ్యవా, అమ్మా? గురుడైతే బాగుంటాది," అన్నాడు.

ఇప్పుడు ఆ గురుగ్రహం మీదే ఉంది రోజారాణి. దాని మీది అడ్డచారలన్నీ కుదిరాయి. అక్కడి పెద్ద తుఫాను, ఆ ఎర్రమచ్చ దగ్గర గాలి సుడి తిరుగుతున్నట్టు రావడం లేదు. నిన్న సాయంత్రం దాన్ని చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది.